చేపల కాటా మీద రొట్టె

జోంబా బజారులో ఎస్నాతి చేపల కాటాకి
కొక్కెం ఒకటి, ముల్లు ఒకటి,
ఏటేటా సర్కారు గుద్దే సీసపు ముద్ర ఒకటి.
ముద్రకి రుసుము ఆమే కడుతుంది.

ఒక పొద్దున ఆ కొక్కేనికి
సంచీలో పెట్టి రొట్టె తగిలించింది.
ధరలు రాసుకునే పుస్తకం తెరిచి నేను నిలబడ్డాను.
కవరు మీద ఏడు వందల గ్రాములు.
ముల్లు ఆరు వందల ఇరవై దగ్గర
కాసేపు వణికి ఆగిపోయింది.
"ఇంకోటి చూడు" అంది. వేరే కంపెనీది.
ఆరు వందల పదిహేను.
మూడోది కూడా తూచేసరికి
అన్నిటికీ చేపల వాసన అంటుకుంది.
డబ్బులిచ్చి మూడూ నేనే తెచ్చుకున్నాను.

మా డబ్బు పేరు క్వాచా.
తెల్లారింది అని అర్థం.
ఎవరికి తెల్లారిందో గానీ,
ఒక సోమవారం మేం నిద్ర లేచేసరికి
మూడు కంపెనీల రొట్టే
వందేసి క్వాచాలు పైకెక్కి కూర్చుంది.
పిండి పెరగలేదు. డీజిలు పెరగలేదు.
"ముగ్గురు యజమానులకీ ఒకే రాత్రి
ఒకే కల వచ్చిందేమో"
అన్నాడు మా ఆఫీసులో లింబికాని, నవ్వకుండా.

మా అధ్యయనం తొమ్మిది దేశాలది.
ఒకచోట సిమెంటు, ఒకచోట వంటనూనె,
ఒకచోట పిల్లల జ్వరం మందు.
రాత్రి ధరల గీతలన్నీ ఒకే తెర మీద పరిస్తే
మెట్లు.
అన్నీ ఎక్కేవే.
దిగడానికి ఒక్కటైనా కట్టలేదు ఎవరూ.
మా పెద్దలు దీన్ని సమాంతర ప్రవర్తన అంటారు.
కుమ్మక్కు అనాలంటే రుజువు కావాలట,
ఒక ఉత్తరం, ఒక ఫోను, కనీసం
ముగ్గురూ కలిసి తాగిన టీ బిల్లు.
కుమ్మక్కయినవాళ్ళు కాగితం మీద రాసి దాచుకుంటారా?
తెల్లారినట్టే ఉంది.

ఎస్నాతిని అడిగితే వేరే చెప్పింది:
"పక్క బల్ల దానితో నాకు మాటల్లేవు.
అయినా అది చేప ధర పెంచితే
నా నోరు దానంతటదే పెంచుతుంది.
దానికి ఉత్తరాలెందుకు?"
ఆ మాట నా పట్టికలో
ఏ గడిలోనూ పట్టలేదు.
వదిలేశాను.
ఇప్పటికీ అది నన్ను వదల్లేదు.

విచారణ బ్లాంటైర్‌లో.
కాటాని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.
"ఇది సరిగ్గా తూస్తుందని ఏమిటి నమ్మకం?"
కంపెనీ లాయరు అడిగాడు.
ఆమె కొంగు ముడి విప్పి
పదకొండేళ్ళ రసీదులు బల్ల మీద వరసగా పరిచింది,
ఎండు చేపలు పరిచినట్టు.
"అయ్యా, నా కాటాకి ముద్ర ఉంది.
మీ కవరుకి ఎవరు వేశారు?"
ఫ్యాను చప్పుడు అందరికీ వినిపించింది.

తీర్పు పద్నాలుగు నెలలకి వచ్చింది.
ధర సంగతికి, ఆధారాలు చాలవు.
తూకం సంగతికి, జరిమానా.
మరుసటి వారానికి కవర్లు మారాయి.
ఆరు వందల ఇరవై గ్రాములు, ముచ్చటైన అక్షరాల్లో.
రొట్టె అదే. ధర అదే.
అబద్ధం ఒక్కటే బజారు ఖాళీ చేసింది.

నివేదిక అచ్చయ్యాక ఒక ప్రతి పట్టుకెళ్ళాను.
నూట నలభై పేజీల ఇంగ్లీషు, దళసరి అట్ట.
"ఇందులో నేనెక్కడ?"
డెబ్బై మూడో పేజీలో
నలభై ఒకటో వరుస చూపించాను.
"నలభయ్యో ఆవిడ ఏం అమ్ముతుంది?"
"బొగ్గులు."
"ఆవిడకీ ఒకటి ఇచ్చావా?"
ఇవ్వలేదు.

చేతులు తుడుచుకుంది.
పుస్తకాన్ని సంచీలో వేసి కొక్కేనికి తగిలించింది.
ముల్లు వణికి వణికి
నాలుగు వందల పది దగ్గర నిలబడింది.
బయటికి తీసి, అట్ట వెనకా ముందూ తిప్పి చూసి,
"దీని మీద ఎంతని రాశారు?" అంది.